తిరుగు కారు షరతులు

చంటి అబద్ధమాడితే చెవులు ఎర్రబడతాయి. ఆ సంగతి చనిపోయిన అక్కకి తెలుసు, కట్టుకున్న భార్యకి తెలుసు, గడియారాల కొట్టుకి వచ్చే పాత ఖాతాదారులందరికీ తెలుసు. "రేపటికల్లా బాగుచేసి ఉంచుతానండీ" అని అతననగానే వాళ్ళు మొహం చూసేవాళ్ళు కాదు, చెవులు చూసేవాళ్ళు. అందుకే ఆ సోమవారం సాయంత్రం అతను చెవులు కప్పుకునేలా మఫ్లరు చుట్టుకుని మరీ బావ ఇంటి మెట్లెక్కాడు. చలేమీ లేదు. మూడో మెట్టు దగ్గరే మెడంతా చెమట పట్టేసింది.

పేరుకి చంటి గానీ వయసు యాభై ఎనిమిది. అక్క పెట్టిన ముద్దుపేరు అది. ఆవిడ పోయి రెండేళ్ళయినా పేరు మాత్రం అతన్ని వదల్లేదు.

బావ కాలేజీలో ముప్పై రెండేళ్ళు ఫిజిక్సు చెప్పి రిటైరైనవాడు. వంటింటి బల్ల దగ్గర కూర్చుని, టార్చిలైటు విప్పి, అందులోని స్ప్రింగుని గుడ్డపీలికతో తుడుస్తున్నాడు.

"బావా, తిరుగు కారు దొరికింది."

తుడిచే చెయ్యి ఆగింది. "ఎక్కడికి?"

"అమ్మడు వాళ్ళ ఊరికి. రేపే."

కూతురి ఊరి మాట వినగానే బావ స్ప్రింగుని మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు. అది అప్పటికే తళతళలాడుతోంది.

తిరుగు కారు అన్నది వాళ్ళింటి మాట. ఎవరో ఒక ఊళ్ళో కారు అద్దెకి తీసుకుంటారు, ఇంకో ఊళ్ళో వదిలేసి పోతారు. అలా ఒకవైపే వెళ్ళేవాళ్ళ దగ్గర కంపెనీవాళ్ళు అద్దె కాక, వదిలిపెట్టినందుకు వేరే రుసుము కూడా గట్టిగానే గుంజుతారు. ఆ కారు మాత్రం కాని ఊళ్ళో, కాని షెడ్డులో దిక్కులు చూస్తూ పడి ఉంటుంది. జీతమిచ్చి డ్రైవర్ని పెట్టి దాన్ని సొంతూరు చేర్చడం కంపెనీకి దండగ. కాబట్టి అటు వెళ్ళేవాళ్ళెవరైనా వచ్చి అడిగితే దాదాపు ఊరికే ఇచ్చేస్తారు. ఫలానా గంటకల్లా అప్పగించాలి, ఇన్ని కిలోమీటర్లు దాటకూడదు, పేరు రాయించుకున్నవాడే నడపాలి, ఇవీ షరతులు.

ఈ కిటుకు కనిపెట్టినవాడు బావ. పాతికేళ్ళపాటు అక్కా బావా సెలవులన్నీ ఇలాగే గడిపారు. ఏ ఊరు వెళ్ళాలో తేల్చేది వాళ్ళు కాదు, కారు. శుక్రవారం సాయంత్రం బావ అద్దెకార్ల ఆఫీసుకి ఫోను చేసి, "ఇంటికి పోవలసిన బళ్ళేమైనా ఉన్నాయా?" అని అడిగేవాడు. ఉంటే శనివారం పొద్దున్నకల్లా అక్క సంచి సర్దేసేది. సముద్రం చూద్దామనుకుంటే బొగ్గుగనుల ఊరు తగిలేది. కొండలనుకుంటే సిమెంటు ఫ్యాక్టరీ. అక్కకి అదేం పట్టేది కాదు. కారెక్కగానే డాష్‌బోర్డు నిమిరి, "పద తల్లీ, నిన్ను మీ ఇంట్లో దిగబెడతాం" అనేది.

"మీ అక్క కారుని అత్తారింటికి సాగనంపుతోందిరా" అని నవ్వేవాడు బావ.

"అత్తారిల్లు కాదండీ, పుట్టిల్లు. లేకపోతే ఇంత హుషారుగా పరిగెడుతుందా?" అనేది అక్క.

ఆ బావ ఇప్పుడు రెండేళ్ళుగా స్టీరింగు ముట్టుకోలేదు.

అక్క పోయింది అమ్మడు వాళ్ళ ఊళ్ళోనే, పెద్దాసుపత్రిలో. వెళ్ళేటప్పుడు ఇద్దరూ రైల్లో వెళ్ళారు. వచ్చేటప్పుడు బావ ఒక్కడూ వచ్చాడు. అప్పట్నుంచి ఆయన ఆ ఊరికి పోలేదు. ఒక్కగానొక్క కూతురు అమ్మడు ఎప్పుడు రమ్మన్నా, "వచ్చే వారం చూద్దాంలేమ్మా" అంటాడు. ఇప్పుడు అమ్మడికి ఎనిమిదో నెల. డాక్టరు మంచం దిగొద్దన్నాడు. ప్రసవం అదే పెద్దాసుపత్రిలో. మూడు వారాల కిందట అమ్మడు చంటికి ఫోను చేసింది.

"మామయ్యా, నాన్నని ఎలాగైనా తీసుకురా."

"నువ్వు పిలువు తల్లీ, నీ మాటైతే వింటాడు."

"వచ్చే వారం అంటున్నాడు. ఆ వచ్చే వారం రెండేళ్ళుగా రావట్లేదు." తర్వాత గొంతు తగ్గించి అంది. "నాకు ఆ ఆసుపత్రి మెట్లు చూస్తేనే అమ్మ గుర్తొస్తోంది మామయ్యా. భయంగా ఉంది. నాన్న పక్కనుంటే ఎక్కగలను."

చంటి ఆ మూడు వారాలూ కొట్టు మధ్యాన్నాలు మూసేసి అద్దెకార్ల ఆఫీసు చుట్టూ కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. ఏ ఊరికైనా ఉన్నాయి గానీ ఆ ఊరికి పోవలసిన తిరుగు కారు మాత్రం ఒక్కటీ తగల్లేదు. మామూలుగా అద్దెకి తీసుకుందామంటే, బావ కోసం చంటి అంత డబ్బు పోశాడని తెలిస్తే ఆయన కారెక్కడం అటుంచి గుమ్మం కూడా దిగడు. పైగా రైలు మాట ఎత్తితే లేచి పక్కగదిలోకి పోతాడు. ఆయన్ని కదిలించగలిగేది ప్రపంచంలో ఒక్కటే: ఇంటికి చేరని కారు.

కాబట్టి చంటి ఒకవైపు అద్దె, వదిలే రుసుము మొత్తం కట్టేసి, మామూలు కారుని తిరుగు కారుగా మార్చే పనిలో పడ్డాడు. కారు తన పేరున తీసుకుని, నడిపేవాడిగా బావ పేరు కూడా రాయించాడు. తర్వాత ఒక తెల్లకాగితం తీసి కౌంటరు దగ్గరే షరతులు రాయడం మొదలెట్టాడు.

కౌంటరు అమ్మాయి మెడ సాచి చూసింది. "అంకుల్, ఇవేవీ మీకు లేవండీ. బుధవారం పొద్దున్న తొమ్మిదిదాకా కారు మీదే. కిలోమీటర్ల లెక్క అసల్లేదు."

"ఉండాలమ్మా. షరతుల్లేకపోతే మా బావ నమ్మడు."

"సాయంత్రం ఐదుకే అప్పగించాలని రాశారేంటి?"

"గడియారాల వాణ్ణి. ఇంకేం తోచి చస్తుంది? నువ్వు కింద ముద్ర కొట్టు."

"అమ్మో, ముద్ర కొడితే నా ఉద్యోగం ఊడుతుంది." ఆ అమ్మాయి ఒక్కక్షణం అతని చెవుల వంక చూసి, సొరుగు లాగి, కంపెనీ పేరు అచ్చేసిన పొడుగు కవరు తీసిచ్చింది. "ఇదైతే ఎవరూ అడగరు. ఇందులో పెట్టివ్వండి."

ఆ కవరే ఇప్పుడు టార్చిలైటు ముక్కల మధ్య ఉంది. బావ కళ్ళజోడు సర్దుకుని షరతులు మొదట్నుంచి చివరిదాకా చదివాడు.

"సాయంత్రం ఐదుకల్లా. మూడువందల ముప్పై కిలోమీటర్లు. ఒక్కడే డ్రైవరు." కాగితం దించాడు. "నువ్వే నడపొచ్చుగా?"

"నా లైసెన్సు గడువు దాటిపోయింది బావా."

"ఎప్పుడు?"

"మొన్నే."

"ఇంట్లో ఉక్కపోస్తుంటే ఆ మఫ్లరేంట్రా?"

"జలుబు."

బావ టార్చిలైటు బిగించాడు. మీట నొక్కి వెలిగించి, ఆర్పి, బల్ల మీద పెట్టాడు. "ఎన్నింటికి బయల్దేరాలి?" అన్నాడు.

చంటికి ఆనందంతో జలుబు నిజంగానే వచ్చినంత పనైంది.

*

మర్నాడు పొద్దున్న పదింటికి ఆఫీసు వెనక షెడ్డులో కారు కడిగి పెట్టి ఉంది. బావ తెచ్చుకున్నది ఒక్క సంచే గానీ, ఎత్తబోతే చంటి భుజం జారింది.

"ఇటుకలేమైనా పెట్టావా బావా?"

"పుస్తకాలు."

ఒక్క సంచి చూసి చంటి మనసు చివుక్కుమంది. రెండు రోజులుండి వచ్చేస్తాడన్నమాట. సరే, ముందు చేరితే అదే పదివేలు అనుకున్నాడు.

బావ ఎప్పట్లాగే కారు చుట్టూ ఓసారి తిరిగాడు. పాత గీతలూ సొట్టలూ ముందే చూపించి రాయించుకోకపోతే తర్వాత మన నెత్తిన వేస్తారని ఆయన వాదన. ముందు తలుపు దగ్గర గోరంత గీత దొరికింది, రాయించాడు. వెనక్కి వెళ్ళి అక్కడ కాస్త ఎక్కువసేపే నిలబడ్డాడు. కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకున్నాడు.

"ఏంటి బావా, సొట్టా?"

"ఏం లేదు. బాగానే ఉంది."

కౌంటరు అమ్మాయి తాళాలిస్తూ, "ఐదుకల్లా అప్పగించెయ్యాలండీ, మర్చిపోకండి" అంది. అని చంటి వైపు చూడకుండా నవ్వాపుకుంది. ఎవరి పిల్లో గానీ బంగారం అనుకున్నాడు చంటి.

బావ సీటు ముందుకి జరిపాడు, అద్దాలు సర్దాడు. చేతులు రెండూ స్టీరింగు మీద పెట్టి అలాగే ఉండిపోయాడు. పక్క సీటు అక్కది. అందులో ఇప్పుడు చంటి ఒళ్ళో అరటిపళ్ళ సంచితో ఒదిగి కూర్చున్నాడు. డాష్‌బోర్డు నిమిరి ఆ మాట అనేవాళ్ళెవరూ లేరు. ఇద్దరికీ అది తెలుస్తూనే ఉంది. తాళం తిప్పాక మొదటి రెండు వీధులూ బావ సైకిల్ నేర్చుకునేవాడిలా పోనిచ్చాడు. వెనక లారీవాడు హారన్ మీద చెయ్యి తియ్యలేదు. మూడో వీధి దాటేసరికి గేర్లు ఆయన మాట వినడం మొదలెట్టాయి. హైవే ఎక్కేసరికి వీపు సీటుకి ఆనింది.

చంటి ఊపిరి పీల్చుకుని మఫ్లరు విప్పాడు. వెంటనే గుర్తొచ్చి మళ్ళీ చుట్టుకున్నాడు.

అసలు కష్టం అక్కడ మొదలైంది. తను రాసిన షరతుల్ని బావ అంత నిష్ఠగా పాటిస్తాడని చంటి ఊహించలేదు. నలభయ్యో కిలోమీటరు దగ్గర టీకొట్టు కనపడింది. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి.

"బావా, ఒక్క టీ."

"గడువుంది."

"ఐదు నిమిషాలే."

"నీలాంటివాళ్ళు నాలుగుచోట్ల ఐదేసి నిమిషాలంటే ఇరవై. టైరు పంచరైతే నలభై. చేరేసరికి ఐదుంబావు. పూర్తి అద్దె కట్టాలని నీ కాగితంలోనే ఉంది."

"నా కాగితమా? కంపెనీవాళ్ళది."

"అదే, కంపెనీవాళ్ళది. అక్షరం నీదాన్లా ఉంటేనూ."

చంటి చెవులు మఫ్లరు లోపల భగ్గుమన్నాయి. "ఈ రోజుల్లో అందరి అక్షరమూ ఒకేలా ఏడుస్తోంది" అని కిటికీలోంచి పొలాల వైపు చూశాడు.

అరటిపండు వలవబోతే కారులో తినకూడదన్నాడు. అది షరతుల్లో లేదే అంటే, తొక్క సీటు సందులో పడితే కడిగింపు ఖర్చు వాతపెడతారని నీకేం తెలుసన్నాడు. నూట ఎనభయ్యో కిలోమీటరు దాటేసరికి చంటికి ఇంకో అవసరం ముంచుకొచ్చింది.

"బావా, ఇక ఆపు."

"ఇంకో ముప్పై పోనీ, పెట్రోలు బంకు వస్తుంది."

"ఇంకో మూడు కూడా పోదు. తర్వాత కడిగింపు ఖర్చు నిజంగానే పడుతుంది."

బావ కారు పక్కకి తీసి, వాచీ చూసుకుంటూ, "మూడు నిమిషాలు" అన్నాడు. చంటి తుప్పల వైపు పరిగెత్తాడు. తిరిగొచ్చేసరికి బావ భుజాలు కదులుతున్నాయి. నవ్వుతున్నాడేమో అనిపించింది. ఆ నవ్వు చూసి రెండేళ్ళయింది కాబట్టి చంటికి నమ్మకం చిక్కలేదు. కూర్చుని తలుపేసేసరికి ఆయన మొహం మామూలుగానే ఉంది.

మధ్యాన్నం దాటాక ఆయన మాటలు తగ్గాయి. దారిలో వెనక్కి తిరిగే మలుపు వచ్చినప్పుడల్లా కారు కాస్త నెమ్మదించేది. మళ్ళీ వేగం అందుకునేది. ఒక మలుపు దగ్గరైతే వెనక్కి మళ్ళడానికన్నట్టు లైటు కూడా వేశాడు, టిక్కు టిక్కుమంటూ. రోజంతా టిక్కుటిక్కుల మధ్యనే బతికే చంటికి ఆ చప్పుడు విని గుండె గుభేలుమంది.

"టైమెంతరా?" అన్నాడు బావ.

"రెండుంబావు."

బావ లైటు ఆర్పేశాడు. నేరుగా పోనిచ్చాడు.

*

నాలుగింటికి ఊరు పొలిమేర కనపడింది. అక్కడ దారి రెండుగా చీలుతుంది. చుట్టురోడ్డు ఫ్యాక్టరీల పక్కనుంచి తిరిగి అద్దెకార్ల ఆఫీసు దగ్గర తేలుతుంది. నేరు దారి ఊరి మధ్యనుంచి పోతుంది, పెద్దాసుపత్రి గేటు ముందునుంచే.

చంటి ఈ సంగతి ముందే ఆలోచించి పెట్టుకున్నాడు. "బావా, చుట్టురోడ్డు పట్టుకో. ఊళ్ళో రద్దీగా ఉంటుంది" అన్నాడు, ఎంతో మామూలుగా.

బావ కారు రోడ్డు వారన ఆపాడు. మీటరు వైపు వంగి చూశాడు. "మూడువందల పధ్నాలుగు అయింది. నేరుగా పోతే ఇంకో ఎనిమిది. చుట్టురోడ్డున ఇరవై రెండు. మూడువందల ముప్పై దాటిపోతుంది."

 ఆ మూడువందల ముప్పై అనే అంకె చంటి ఎందుకు వేశాడో అతనికే తెలియదు. కాగితం మీద నిండుగా కనపడుతుందని వేశాడు. ఆ అంకె ఇప్పుడు బావని సరిగ్గా ఆ గేటు ముందుకే ఈడ్చుకుపోతోంది. నిజం చెబితే బావ కారు వెనక్కి తిప్పేస్తాడు. చెప్పకపోతే, ఏ చోటు మొహం చూడలేక రెండేళ్ళు ఇల్లు కదల్లేదో ఆ చోటు ముందునుంచి ఆయన చేతనే కారు నడిపించినట్టవుతుంది. అమ్మడి గొంతు చెవిలో వినిపించింది. దాంతోపాటు, ఎందుకో, అక్క గొంతు కూడా.

మఫ్లరు విప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"బావా, ఇది తిరుగు కారు కాదు."

బావ మీటరు మీంచి కళ్ళు తియ్యలేదు.

"మామూలు అద్దె కారు. పూర్తిగా కట్టేశాను. ఐదింటి గడువూ లేదు, కిలోమీటర్ల గొడవా లేదు. అన్నీ నేనే రాశాను. తిట్టాలంటే తర్వాత తీరుబడిగా తిట్టు. ఇప్పుడు మాత్రం చుట్టురోడ్డున పోదాం. ఆ గేటు ముందునుంచి వద్దు."

"తెలుసురా."

"ఏం తెలుసు?"

"దిగి వెనక నంబరు ప్లేటు చూడు."

చంటి నిజంగానే దిగి వెళ్ళి చూశాడు. ప్లేటు మీద బయల్దేరిన ఊరి నంబరే, చేరవలసిన ఊరిది కాదు. ఈ ఊరికి తిరిగిపోవలసిన కారైతే ఈ ఊరి నంబరే ఉండాలి. తలవెంట్రుక మందం స్ప్రింగు వంకరపోతే పట్టేసే మనిషి, మూరెడు ప్లేటు చూసుకోలేదు. నుదురు కొట్టుకుంటూ వచ్చి కూలబడ్డాడు.

"అంటే షెడ్డులోనే తెలిసిపోయిందా?"

"షెడ్డులో ప్లేటు. ముందురోజు అక్షరం. దానికంటే ముందు మఫ్లరు."

"మరి నన్ను టీ కూడా తాగనివ్వకుండా అంతదూరం ఉగ్గబట్టుకుని కూర్చోబెట్టావేం?"

"షరతులు షరతులేరా" అన్నాడు బావ. ఈసారి నవ్వాడు, స్పష్టంగా. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. చేతులు రెండూ స్టీరింగు మీదే ఉన్నాయి.

"రైలైతే ఎక్కితే అయిపోయింది. మన చేతిలో ఏమీ ఉండదు. కారు అలాక్కాదు. పొద్దుట్నుంచీ నాలుగుచోట్ల వెనక్కి తిప్పేద్దామనిపించింది. తిప్పబోయిన ప్రతిసారీ ఐదింటికి అప్పగించాలిగా అనుకున్నాను. దొంగ గడువని తెలుసు. అయినా అదొక్కటే పట్టుకోడానికి దొరికింది."

 "పోనీ, చుట్టురోడ్డు..." అన్నాడు చంటి.

"అమ్మడు ఆ మెట్లెక్కాలి కదరా. రేపు దాన్ని ఆ చుట్టురోడ్డున తీసుకుపోతానా?" బావ కాగితం ఉన్న కవరు తీసి చంటి ఒళ్ళో పెట్టాడు. "నీ గడువు ఉండనియ్యి. ఈ ఒక్క గంటా తీసెయ్యకు. టైము చెబుతూ ఉండు."

కారు నేరు దారి పట్టింది.

చంటి కవరు రెండు చేతులా పట్టుకుని, ఒకప్పుడు అక్క ఆ సీట్లో కూర్చుని దారి పొడుగునా బోర్డులు చదివినట్టు, పైకి చదవసాగాడు.

"నాలుగూ తొమ్మిది. మూడువందల పదిహేడు."

"ఊఁ."

"నాలుగూ పధ్నాలుగు. మూడువందల పంధొమ్మిది."

"ఊఁ."

మందుల షాపులు మొదలయ్యాయి. తర్వాత పళ్ళబళ్ళు. ఎర్రదీపం పడింది, పడవలసిన చోటే పడింది. కారు సరిగ్గా ఆసుపత్రి గేటుకి ఎదురుగా ఆగింది. చంటి మీటరు వైపే చూస్తూ కూర్చున్నాడు. తల తిప్పితే బావ మొహం చూడాల్సొస్తుందని.

"అదుగో" అన్నాడు బావ.

గేటు దగ్గర నీలం చొక్కా వేసుకున్న పెద్దాయన, వాచ్‌మన్ కాబోలు, చెయ్యెత్తి ఆటోలని పక్కకి తోలుతున్నాడు. ఆయన వెనక గోడవార ప్లాస్టిక్కు కుర్చీ ఒకటి ఖాళీగా ఉంది.

"ఆ రోజు అమ్మడూ అల్లుడూ లోపల కాగితాల మీద సంతకాలు పెడుతున్నారు. నేను బయటికొచ్చి ఆ గోడ దగ్గర నిలబడ్డాను. ఎంతసేపో తెలీదు. అతను ఆ కుర్చీ తెచ్చి నా వెనక పెట్టాడు. కూర్చోమని కూడా అనలేదు. పెట్టి, వెళ్ళి తన పని చూసుకున్నాడు." బావ ఆ కుర్చీ మీంచి చూపు తిప్పలేదు. "రెండేళ్ళలో ఆ సంగతి ఒక్కసారి కూడా గుర్తురాలేదురా నాకు. తక్కినవన్నీ గుర్తొచ్చాయి గానీ, అది రాలేదు."

పచ్చదీపం పడింది. వెనకవాళ్ళు హారన్లు మోగించారు.

"టైమెంత?"

"నాలుగూ ఇరవై," అన్నాడు చంటి, సరిగ్గా కనపడకపోయినా. వాచీ అలుక్కుపోయినట్టుగా ఉంది.

*

అద్దెకార్ల ఆఫీసుకి చేరేసరికి నాలుగున్నరయింది, మూడువందల ఇరవై రెండు కిలోమీటర్లు. కౌంటరులో ఉన్నాయన తాళాలు తీసుకుని, "రేపు తొమ్మిదిదాకా టైముందిగా సార్, అంత హడావిడేమొచ్చింది?" అన్నాడు.

"అలవాటండీ" అన్నాడు బావ. కౌంటరు మీద మోచేతులానించి, చంటికి బాగా తెలిసిన పాత శుక్రవారపు గొంతుతో అడిగాడు. "ఇంటికి పోవలసిన బళ్ళేమైనా ఉన్నాయా?"

"ఏ ఊరికండీ?"

"మేమొచ్చిన ఊరికే."

ఆయన కంప్యూటరులో వెతికి, ముందు తల అడ్డంగా ఊపి, తర్వాత తాళాల వంక చూసి నవ్వాడు. "ఇదే ఉంది సార్. ఇప్పుడు మీరప్పగించినదే. రేపు ఎవరైనా తీసుకెళ్తామంటే పెట్రోలు మీది, అద్దె నామమాత్రం. కాకపోతే సాయంత్రం ఐదుకి అప్పగించాలి. మూడువందల నలభై దాటకూడదు."

చంటి నోరు తెరిచాడు. ముయ్యలేదు.

"రాసుకోండి. డ్రైవరు ఈయన" అన్నాడు బావ. "లైసెన్సు గడువు దాటిందనుకున్నాం గానీ, దారిలో బాగుపడింది."

"మరి నువ్వు?" అన్నాడు చంటి.

బావ వినిపించుకోనట్టు సంచి భుజానికెత్తుకుని బయటికి నడిచాడు.

అమ్మడి ఇల్లు అక్కడికి నాలుగు వీధులు, రెండో అంతస్తు. అల్లుడు తలుపు తీసి, ఎవరొచ్చారో చూసి, పక్కకి తప్పుకున్నాడు. లోపల కిటికీ పక్క మంచం మీద మూడు దిళ్ళకి ఆనుకుని అమ్మడు, పొట్ట మీద ఒక పళ్ళెం నిలబెట్టుకుని బఠాణీలు వలుస్తోంది. మామయ్య వస్తాడని దానికి తెలుసు. మామయ్య వెనక ఇంకెవరైనా ఉంటారో లేదోనని తలుపు వైపు అటూ ఇటూ వంగి చూసింది. బఠాణీలు దొర్లి మంచం కిందికి పోయాయి.

"నాన్నా!"

"లేవకు, లేవకు. డాక్టరు లేవొద్దన్నాడుగా." బావ చకచకా వెళ్ళి మంచం పక్కన కూర్చుని, చెదిరిన బఠాణీలు ఒక్కొక్కటే ఏరడం మొదలెట్టాడు. అమ్మడు ఆయన చెయ్యి పట్టుకుంది. ఏరడం ఆగిపోయింది.

"ఎలా వచ్చావు నాన్నా? రైలెక్కావా?"

చంటి చెవులు అప్పుడే వేడెక్కసాగాయి. మఫ్లరు కారులోనే మర్చిపోయాడు.

"తిరుగు కారులో" అన్నాడు బావ, తొణక్కుండా. "మీ మామయ్య కనిపెట్టాడు. దాదాపు ఊరికే వచ్చేసింది."

అమ్మడు చంటి చెవుల వంక చూసింది. చూసి, చెంపలు తుడుచుకుని నవ్వింది. ఎంతైనా వాళ్ళమ్మ కూతురు.

సంచి విప్పుతుంటే చంటి తొంగి చూశాడు. పుస్తకాలు రెండే. ఇటుకల బరువంతా మందుసీసాలది, మాత్రల డబ్బాలది. బీపీవీ, షుగరువీ, పొద్దుటివీ, సాయంత్రానివీ రబ్బరుబ్యాండ్లు వేసి కట్టి ఉన్నాయి. అల్లుడు లెక్కపెట్టి, "మావయ్యగారూ, ఇవి మూడు నెలలకి సరిపోతాయే!" అన్నాడు.

"ఇక్కడ మందులు ప్రియమేమోనని" అన్నాడు బావ.

*

బుధవారం పొద్దున్న ఎనిమిదింటికి చంటి ఒక్కడే కారెక్కాడు. సీటు వెనక్కి జరిపాడు, అద్దాలు సర్దాడు. పక్క సీటులో మఫ్లరు, దాని మీద అమ్మడు పంపిన టీ ఫ్లాస్కు. ఫ్లాస్కుకి కాగితం ముక్క అంటించి ఉంది, బావ అక్షరంతో: "ఆపి తాగు. ఐదు నిమిషాలు."

షరతుల కాగితం ఈసారి అసలుదే, కింద గుండ్రటి ముద్ర కూడా ఉంది. చంటి దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. తాళం తిప్పబోయి ఆగి, ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూశాడు. షెడ్డులో గొట్టంతో కార్లు కడుగుతున్నాయన తప్ప ఎవరూ లేరు.

డాష్‌బోర్డు మీద చెయ్యి వేసి, మెల్లిగా నిమిరాడు.

"పద తల్లీ," అన్నాడు. "నిన్ను మీ ఇంట్లో దిగబెడతాను."